సీమల కోసం సీమకి

పోయిన నెల ఒక ఆదివారం దేవరాపల్లి నుంచి ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పేరు సుజాత. అనకాపల్లిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చినట్టుంది, మంచినీళ్ళిస్తే గ్లాసు దించకుండా తాగేసి, తడి చెయ్యి చున్నీకి తుడుచుకుని ఫోను నా ముందు పెట్టింది. అందులో ఒక దరఖాస్తు ఉంది. ఉష్ణమండల అడవుల్లో ఉంటూ జీవశాస్త్రం నేర్చుకునే ఆరు వారాల కోర్సు. విదేశంలో. డిగ్రీ చదివే పిల్లలకే అవకాశం. ఎంపికైతే రానూపోనూ ఖర్చులు, తిండీ బసా అన్నీ వాళ్ళవే. పేరూ ఊరూ మార్కులూ అన్నీ నింపేసింది గానీ ఒక్క గడి దగ్గర ఆగిపోయింది. 'మీ చుట్టుపక్కల మీరు స్వయంగా గమనించిన ఒక విషయం రాయండి' అని ఉంది అక్కడ. "నాను ఏటీ గమనించలేదండి మేడమ్. మా ఊళ్ళో ఏటుంతాదండి గమనించడానికి?" అంది దిగులుగా. నాకు నవ్వు ఆగలేదు. పాతికేళ్ళు దాటిపోయాయి, ఇదే గడి దగ్గర కూర్చుని ఇంచుమించు ఇదే మాట నేనూ అన్నాను.

ఆ పిల్లని భోజనం చేసి వెళ్ళమని కూర్చోబెట్టి, మా బెల్లం పాక సంగతి మొదలుపెట్టాను. మాది చెరుకు పండించే ఇల్లు. అనకాపల్లికి బస్సులో అరగంట దూరం. చలికాలం వచ్చిందంటే మా ఇంట్లో ఎవరికీ వేరే పని ఉండేది కాదు. గానుగ ఆడుతుంటే రసం పెద్ద పెనంలోకి పడేది, పొయ్యిలోకి ఎండిన పిప్పి ఎగదోసేవాళ్ళు, రసం పొంగి మడ్డి పైకి తేలితే నాయనమ్మ దాన్ని తీసిపారేసేది. పచ్చి రసం కాగుతున్నప్పుడు ఒక వాసన, మడ్డి తీశాక ఒక వాసన, పాకం దగ్గరపడ్డాక ఇంకో వాసన. మా జడల్లో, బడి పుస్తకాల్లో, దుప్పట్లలో అదే వాసన ఉండేది. బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్ళు నేను చెప్పకుండానే 'బెల్లం వండుతున్నారా అమ్మా మీ ఇంట్లో' అని అడిగేవారు. అలా అడిగితే సిగ్గుపడి కిటికీ వైపు తిరిగేదాన్ని. ఇప్పుడు ఎవరైనా అలా అడిగితే బాగుండునని ఉంది, అడిగేవాళ్ళు లేరు.

పాకం దించే సమయం మా నాయనమ్మకి తప్ప ఇంకెవరికీ తెలిసేది కాదు. ఆవిడ పేరు నూకాలమ్మ. పొట్టిగా, గట్టిగా ఉండేది, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని పెనం చుట్టూ తిరుగుతూ ఉండేది, మా నాన్నంతటివాణ్ణి కూడా ఒక్క చూపుతో పక్కకి తప్పించేది. గిన్నెలో నీళ్ళు పెట్టి అందులో ఒక బొట్టు పాకం వేసి, వేళ్ళతో ఉండ కట్టి చూసి, "దింపండి" అనేది. దించాక అచ్చుల్లో పోయడానికి ముందు ఆవిడ చేసే పని ఒకటుంది. తొలి ముద్ద తీసి, ఆకులో పెట్టి, పాక ఈశాన్యం మూల నేల మీద పెట్టేది. ఎవరికీ ఇచ్చేది కాదు ఆ పని, స్వయంగా తనే పెట్టాలి. అది చీమల వాటా. ముద్ద పెట్టి అక్కడే గొంతుక్కూర్చుని కాసేపు చూసేది, నన్నూ పక్కన కూర్చోబెట్టుకునేది. "ముందొచ్చినోల్లు తినరే గుంటా. ఎనకొచ్చినోల్లే కూకుని తింతారు. సూడు," అనేది. నిజంగా అంతే జరిగేది. ముందు పొడుగు కాళ్ళవి రెండో మూడో పరుగున వచ్చేవి, తర్వాత సన్నటి నల్లవి బారులు తీరేవి, చివరికి తలలు పెద్దగా ఉన్న ఎర్రవి వచ్చి అందర్నీ తరిమి ముద్ద మీద స్థిరపడేవి. ఏవి గెలిచాయో చూసి, దిమ్మలు ఏ పక్క పేర్చాలో, బూడిద గీత ఎటు గీయాలో నాయనమ్మ నిర్ణయించేది. నాకు అదంతా ఇంటి పని, చదువు అని ఎవరైనా అంటే నమ్మేదాన్ని కాదు.

మా ఇంట్లో ఇంకో కట్టడి ఉండేది. 'పురుగు' అనే మాట ఎవరూ నోట రానివ్వకూడదు. మా తాతని నేను చూడలేదు. తెల్లవారుతూనే చెరుకు నరకడానికి వెళ్ళిన మనిషిని పొద్దు నడినెత్తికి రాకముందే మంచం మీద మోసుకొచ్చారట. మా వైపు పాము కరిచిందని అనరు, పేరెత్తితే వస్తుందని భయం. 'పురుగు ముట్టింది' అంటారు. ఆ రోజు ఆ మాట విన్న నాయనమ్మ మళ్ళీ జన్మలో దాన్ని వినదలుచుకోలేదు. పాముకే కాదు, దేనికీ వాడనిచ్చేది కాదు. బియ్యంలో పడేవాటికి మా ఇంట్లో ముక్కోళ్ళని పేరు. దీపం చుట్టూ తిరిగేవి రెక్కలోళ్ళు. చెరుకు మొవ్వు తొలిచే పీక పురుగు పీకోడు. నాన్న ఒకసారి వ్యవసాయం ఆఫీసుకి వెళ్ళి అలవాటుకొద్దీ "మా సేలో పీకోడు పడ్డాడండి" అంటే, ఆ ఆఫీసరు పాపం కంగారుపడి దెబ్బలేమైనా తగిలాయా అని అడిగాడట. ఇంటికొచ్చి చెబితే అందరం పొట్ట పట్టుకుని నవ్వాం, నాయనమ్మ మాత్రం నవ్వలేదు.

డిగ్రీలో నాకు జంతుశాస్త్రం చెప్పిన కరీం మాస్టారిది అనకాపల్లే. వాళ్ళ నాన్నగారికి బజార్లో తాళాలు బాగుచేసే దుకాణం ఉండేది, మాస్టారు కూడా ఏ విషయమైనా తాళం విప్పినట్టు మెల్లగా, ఒక్కొక్క భాగం ఊడదీసి చెప్పేవారు. ఆయనే ఒక రోజు నోటీసు బోర్డు మీద అంటించిన కాగితం పీకి నా చేతిలో పెట్టారు. ఇదిగో ఇప్పుడు సుజాత ఫోనులో ఉన్నటువంటి కోర్సే. ఉష్ణమండలం అంటే ఎక్కడో ఆఫ్రికాలో ఉంటుందని అప్పటిదాకా నా అభిప్రాయం. ఆయన గోడ మీద మ్యాపులో కర్కట రేఖ చూపించి, దానికి దిగువన వేలు పెట్టి, "ఇది అనకాపల్లి. నువ్వు పుట్టిందే అందులో తల్లీ," అన్నారు. ఫారం నింపాను, ఆ గడి దగ్గర ఆగిపోయాను. నేనేమీ గమనించలేదు సార్ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "బెల్లం ఇల్లు కదా మీది, చీమలు పట్టవా?" అని అడిగారు. పట్టకేం సార్ అని మొదలుపెట్టి ముద్ద సంగతీ, మూల సంగతీ, ముందొచ్చినవాళ్ళ సంగతీ చెబుతూ పోయాను. బెల్లు కొట్టారు, తర్వాతి క్లాసు పిల్లలు వచ్చి కూర్చున్నారు, నేనింకా చెబుతూనే ఉన్నాను. "ఇదే రాయి," అన్నారు.

రాశాను, పంపించాం, మరిచిపోయాను కూడా. రెండు నెలలకి మాస్టారు ఇంటర్నెట్ సెంటర్ నుంచి ఒక ప్రింటు తెచ్చారు. ఎంపికైన పేర్లలో నా పేరు ఉంది. వారం లోపల వస్తున్నట్టు జవాబు ఇవ్వాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు. బస్సులో నించునే వచ్చాను, కూర్చోడానికి సీటున్నా కూర్చోలేదు. ఇంట్లోకి దూసుకెళ్ళి, కోస్టారికా అనే దేశంలో అడవిలో ఆరు వారాల చదువని చెప్పాను. "ఏటి సదువే అది?" అంది నాయనమ్మ చేటలో బియ్యం చెరుగుతూ. ప్రింటులో నా పేరు పక్కన ఉన్నది కీటక శాస్త్రం. కీటకం అంటే మా ఇంట్లో ఎవరికి తెలుసు? వాళ్ళకి అర్థమవ్వాలని, సంబరంలో కట్టడి మరిచి, నా నోటితో నేనే ఆ మాటని ఇంటి భాషలోకి దించేశాను. "పురుగుల సదువు నాయనమ్మా! అడవిలో పురుగుల ఎనకాల తిరిగి సదవాల!" అన్నాను.

చేట ఆగిపోయింది. నాయనమ్మ ముఖం చూసి అమ్మ వంటింట్లోకి తప్పుకుంది. "నువ్వెల్లవు," అంది నాయనమ్మ, మళ్ళీ బియ్యం చెరగడం మొదలుపెట్టింది. అంతే, ఆ తర్వాత నాతో మాటలేదు. నేను కంచం దగ్గర కూర్చుంటే లేచి వెళ్ళిపోయేది. నాన్నని బతిమాలితే, "అమ్మ వొద్దంతే నాను ఏటి సెయ్యలేనే, ఒగ్గేయ్," అన్నాడు. దూరాభారమని, ఆడపిల్లనని కాదంటోందనుకున్నాను. ఇంట్లో అందరి కంటే నన్నే ఎక్కువ గారాబం చేసిన మనిషి నా గొంతు నులుముతోందని ఏడ్చాను. వారంలో నాలుగు రోజులు ఇలాగే గడిచిపోయాయి.

ఐదో రోజు కరీం మాస్టారు స్కూటర్ వేసుకుని మా ఊరు వచ్చారు. నాన్న కంగారుగా మడత మంచం వాల్చి, కొబ్బరి బొండాం కొట్టించాడు. మాస్టారు బొండాం తాగి, నాయనమ్మ వైపు తిరిగి, "అమ్మా, అమ్మాయిని ఎందుకు వద్దంటున్నారో నాకు ఒక్క మాట చెప్పండి. మీ మాట విని వెళ్ళిపోతాను," అన్నారు. నాయనమ్మ గుంజకి ఆనుకుని నిలబడి, ఆయన్ని చూడకుండా చెప్పింది. "మా ఇంటాయన్ని తినీసిన దాన్ని సదవడానికి నా మనవరాల్ని ఆ అడివిలోకి అంపుతానేటి బాబూ? ఇంట్లో దీపం ఆరిపోయింది సాలదా?"

అప్పుడు గాని నాకు వెలగలేదు. నాలుగు రోజులుగా ఆవిడ కళ్ళ ముందు నేను పాముల వెంట తిరుగుతున్నాను. ఏ మాట వినకూడదని అన్నేళ్ళు ఇంటిల్లిపాదినీ ఆపిందో, దాన్నే నేను గుమ్మంలోంచి కేకేసి చెప్పాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మాస్టారికి క్షణంలో తెలిసిపోయింది. "అయ్యో అమ్మా, అది కాదు. మీ పాక మూలకి బెల్లం కోసం వస్తాయే, అవి. చీమలు. మీ అమ్మాయి చీమల్ని చదవడానికి వెళ్తోంది," అన్నారు.

నాయనమ్మ ఆయన వంకా నా వంకా మార్చి మార్చి చూసింది. "సీమలా?" అంది.

"చీమలే."

"సీమల కోసరం సీమకెల్లాలేటి బాబూ!"

మా వైపు చీమ అన్నా సీమే, దొరల దేశమన్నా సీమే. ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో తనకే వినపడి, ముందు పెదాలు బిగపట్టింది, తర్వాత పమిట నోటికి అడ్డం పెట్టుకుంది, చివరికి గుంజ పట్టుకుని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆవిడ అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. నాన్న నవ్వాడు, అమ్మ వంటింట్లోంచి వచ్చి నవ్వింది. మాస్టారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ఏవి ముందొస్తాయి, ఏవి తరుముతాయి, మబ్బు పట్టిన రోజు ఏమవుతుంది అని అడగడం మొదలుపెట్టారు. నాయనమ్మ మెట్టు మీద కూర్చుని చెబుతుంటే ఆయన రాసుకున్నారు. ఆవిడ చెప్పిన మాట ఒక చదువుకున్న మనిషి రాసుకోవడం మా ఇంట్లో అదే మొదటిసారి. వెళ్ళేటప్పుడు మాస్టారు ఏమీ అడగలేదు. నాయనమ్మే నన్ను పిలిచి, "ఏణీ, ఇలా రా," అంది. నా పేరు కృష్ణవేణి, ఆవిడకి ఎప్పుడూ ఏణినే. "సెప్పులు దులపకుండా కాలెట్టకు. గడ్డిలో కర్ర తట్టకుండా అడుగెయ్యకు. ఈ రెండూ సేత్తానని నా సేతిలో సెయ్యెయ్యి." వేశాను.

అక్కడి అడవి సంగతి చాలామందికి చాలాసార్లు చెప్పాను గానీ, అక్కడ నాకు కలిగిన గర్వం గురించి ఎప్పుడూ రాయలేదు. మేం ఇరవై మందిమి. తక్కినవాళ్ళు చాలామంది చలిదేశాల పిల్లలు. ఖరీదైన బూట్లు, బైనాక్యులర్లు, గడగడా ఇంగ్లీషు. మొదటి రోజు నేను ఒక మూల నక్కి కూర్చున్నాను. రెండో రోజుకి వాళ్ళ గతి చూడాలి. ఉక్కకి తట్టుకోలేక ఒకడు, బట్టలారడం లేదని ఒకతె, గోడ మీద బల్లిని చూసి ఇంకొకతె. మంచాల మీద దోమతెర దోపడం కూడా రాదు వాళ్ళకి. నేనే అందరికీ దోపి పెట్టాను. వాన, బురద, కప్పల అరుపులు, అరటిచెట్లు, అవన్నీ నాకు మా ఊరే. వాళ్ళు ఉష్ణమండలానికి వచ్చారు, నేను ఇంటి పక్క వీధికి వెళ్ళినట్టుంది. పొద్దున్నే బూట్లు బోర్లించి దులుపుతుంటే మొదట్లో నవ్వారు, వారం తిరిగేసరికి వరండాలో ఇరవై జతలూ ఒకేసారి టపటపలాడేవి. ఆరు వారాల్లో నా బూటులోంచి ఒక్క కప్ప తప్ప ఏమీ రాలేదు, ఆ మాట నాయనమ్మకి నిజాయితీగానే చెప్పాను.

అయితే కోర్సు సగంలో ప్రతి ఒక్కరూ సొంతంగా ఒక ప్రశ్న ఎంచుకుని పరిశోధన చెయ్యాలన్నారు. బాగా చేసిన ఒక్కరికి మరుసటి ఏడు అక్కడికే వచ్చి పనిచేసే అవకాశం ఇస్తారు. నాకు ఆ ఒక్కటీ కావాలనిపించింది. కావాలని ఎవరితోనూ అనలేదు గానీ ఆకలేసినట్టు కావాలనిపించింది. అందరిలా చక్కెర నీళ్ళలో దూది ముంచి చీమలకి ఎరగా పెట్టాను. వానకి మూడు రోజులూ కొట్టుకుపోయింది. నాలుగో రోజు ఉసూరుమంటూ వంటింట్లోకి వెళితే, వంటామె రోసా ఒక గోధుమరంగు దిమ్మని కత్తితో చెక్కుతోంది. నా కాళ్ళు ఆగిపోయాయి. ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాను. బెల్లం! ఆమెకి నా భాష రాదు, నాకు ఆమె భాష రాదు. పాకం కొంచెం ముదిరిందని వేలితో సాగదీసి చూపిస్తే, ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని, నిజమేనన్నట్టు తలూపి, పొయ్యి మీద మంట ఎక్కువైందని చేత్తో చూపించింది. ఒక్క క్షణంలో నేను మా పాకలో ఉన్నాను. ఏడుపొచ్చింది, ఆమె నన్ను దగ్గరికి తీసుకుని నా చేతిలో ఇంకో ముక్క పెట్టింది.

ఆ ముక్కని ఆకులో పెట్టి, చెట్టు మొదట్లో వాన పడని చోట నేల మీద ఉంచి, గొంతుక్కూర్చున్నాను. దూదీ లేదు, సీసా లేదు. ముందు ఎవరొస్తారు, చివరికి ఎవరు మిగులుతారు, అదొక్కటే రాసుకున్నాను. రోజూ అదే పని, పది చోట్ల. ఆ చీమల్లో ఒక్కదాన్నీ నేనెప్పుడూ చూడలేదు గానీ, అవి చేసే పని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ముందొచ్చినవి కొంచెం కొరికి పారిపోయేవి, వెనకొచ్చినవి బలగంతో వచ్చి ఆక్రమించేవి. తిండిని ఎంత త్వరగా కనిపెట్టగలదో అంత తక్కువసేపు నిలబడగలదు ఏ చీమైనా. చివరి రోజు అందరి ముందూ నిలబడి నా వచ్చీరాని ఇంగ్లీషులో అదే చెప్పాను. చెప్పడం అయ్యాక కోర్సు నడిపే పెద్ద ప్రొఫెసరు, నెరిసిన జుట్టావిడ, లేచి నిలబడింది. చీమల మీద పనిచేసేవాళ్ళు ఏళ్ళ తరబడి వాదించుకుంటున్న ప్రశ్న ఇదేనని, ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. "మా నాయనమ్మ దగ్గర," అన్నాను. గది అంతా చప్పట్లు. ఆ ఒక్క అవకాశం నాదే అయింది. ఆ తర్వాత పాతికేళ్ళు దేశదేశాల అడవుల్లో చీమల వెంట తిరిగాను. అచ్చయిన నా మొదటి వ్యాసం చివర కృతజ్ఞతల్లో మొదటి పేరు నూకాలమ్మది, రెండోది కరీం మాస్టారిది, మూడోది రోసాది.

ఇదంతా విని సుజాత ఫోను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తర్వాత మెల్లగా, వాళ్ళమ్మ రొయ్యపొట్టు ఎండబెట్టినప్పుడు కాకులు ఏ వరసలో వస్తాయో, వాటిలో కుంటికాకికి మిగతావి ఎందుకు దారిస్తాయో చెప్పడం మొదలుపెట్టింది. ఇదే రాయి అన్నాను. అక్కడే కూర్చుని రెండు బొటనవేళ్ళతో రాసి, పంపేసింది. అప్పుడు మేం రిజిస్టరు పోస్టు చేసి రెండు నెలలు ఎదురుచూశాం, ఈ పిల్ల దరఖాస్తు నా కంచం కడిగేలోగా సముద్రాలు దాటింది. బెల్లం పాక ఇప్పుడు లేదు, ఆ చోట ఫ్లాట్లు వేశారు. అది తలుచుకుంటే బాధే. కానీ సుజాత అక్కడినుంచే ఇంటికి ఫోను చేసి చెప్పాక, ఏమన్నారే అని అడిగితే, "కాకుల సదువంటే మా అమ్మ ఫొటోలు పంపమందండి," అన్నప్పుడు నా మనసు నిండిపోయింది. నేను నాలుగు రోజులు ఏడ్చి గెలిచినది ఈ పిల్లకి ఒక్క మాటలో దొరికింది. అలా దొరకాలనే కదా గెలిచింది. నిన్న సాయంత్రం ఫోను చేసింది. అరుపే వినిపించింది ముందు, మాట తర్వాత. ఎంపికైంది.

ఆ అరుపు విన్నాక నేను తిరిగొచ్చిన రోజు గుర్తొచ్చింది. ఊరు చేరేసరికి గానుగ ఆడుతోంది. సంచీ గుమ్మంలో పడేసి పాకలోకి పరిగెత్తాను. పెనం చుట్టూ ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పది మంది దాకా ఉన్నారు. నాయనమ్మ నన్ను చూసి కూడా పని ఆపలేదు, పాకం అప్పుడే దగ్గరపడుతోంది. వాళ్ళలో ఒకామె, "ఏటి నూకాలప్పా, మీ గుంట సీమకెల్లి ఏటి సదివొచ్చిందేటి?" అంది. నాయనమ్మ నీళ్ళలో బొట్టు వేసి, ఉండ కట్టి చూసి, "దింపండి," అంది. దించారు. తొలి ముద్ద తీసి ఆకులో పెట్టి, రెండు చేతులా నా చేతుల్లో పెట్టింది. అన్నేళ్ళలో ఆ ముద్దని ఇంకొకరి చేతికి ఇవ్వడం నేను చూడలేదు. అప్పుడు వాళ్ళ వైపు తిరిగి, పొయ్యి చప్పుడు మించి వినపడేలా అంది.

"పురుగుల సదువు. మా ఏణి పురుగుల సదువు సదివింది. నాను సెప్పిందే సీమోల్లకి సెప్పొచ్చింది."

గరిటె పట్టుకున్న నాన్న చెయ్యి అలాగే ఆగిపోయింది. నాయనమ్మ మాత్రం ఇంకోసారి, ఈసారి మెల్లగా, రుచి చూస్తున్నట్టు, "పురుగులు," అనుకుంది. నేను మూలకి నడిచి ముద్ద నేల మీద పెట్టి కూర్చున్నాను. ఆవిడ కూడా వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుంది. పొడుగు కాళ్ళవి ముందొచ్చాయి.